ఏరు ఆపిన పెనాల్టీ

మా చిన్నప్పుడు ఫుట్‌బాల్ ఆడింది ఏట్లో... నిజంగా ఏట్లోనే. మా ఊరు నాగలమడిక పక్కన పారాల్సిన పినాకిని ఏరు నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఎండిపోయే ఉంది. చుట్టూ చెనక్కాయ చేలు, రాళ్లు, గుట్టలు... అంత చదునైన చోటు ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి.

కోలారు వైపు నుంచి వచ్చిన పీటీ మేష్టరు ఒకాయన ఈ ఆటను మా ఊరికి అంటించి, బదిలీ మీద వెళ్లిపోయాడు. ఆట మాత్రం ఉండిపోయింది. ఏటా దసరా సెలవుల్లో మాకూ నిడుగల్లు ఊరికీ పోటీ. సరుగుడు కట్టెలు పాతితే గోలు, ముగ్గుపిండి పోస్తే గీత.

కాస్త ఎగువన, తాగే నీళ్ల కోసం ఇసుకలో తోడుకున్న చెలమ ఉండేది. బంతి అందులో పడిందా... తన్నినవాడే ఆ నీళ్లన్నీ తోడి పారబోసి, కొత్త నీళ్లు ఊరి తేటపడేదాకా కాపలా కూర్చోవాలి. ఆ రూలు మా అవ్వ పెట్టింది. రెండు ఊళ్లలోనూ దాన్ని కాదన్నవాడు లేడు.

మా గోల్‌కీపరు మా చిన్నాయన ఓబులేసు, నాన్నకు తమ్ముడు. నేను చెప్పబోయే ఆటకు ముందు ఏడు నిడుగల్లు కెప్టెన్ హనుమంతు ఏదో మాట చెప్పి ఈయన్ను పక్కకు చూసేలా చేసి, బంతిని కాళ్ల సందులోంచి తన్నేశాడు. దాంతోనే ఓడిపోయాం. ఇక ఊరు ఊరుకుంటుందా... చిన్నాయనకు ‘తూము’ అని పేరు పెట్టేసింది. చెరువు నీళ్లు బయటికి వదిలే తూము ఉంటుంది కదా, అదే. బస్టాండులో తూము, టీ అంగడిలో తూము. ఆఖరికి పెళ్లిచూపులకు వెళ్తే అక్కడ కూడా ఎవరో "తూమన్న వచ్చినాడు" అన్నారట. వాళ్లు ఏ కబురూ పంపలేదు. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు... నాకైతే ఏడుపొచ్చింది.

"ఈ తూరి బంతి నన్ను దాటిపోతే మళ్లా ఏట్లో కాలు పెట్టనుమ్మా" అన్నాడు అవ్వతో.

ఆ ఏడు కూడా వానల్లేవు. చేలో చెనక్కాయ ఆకు ముడుచుకుపోతోంది. ఆటకు ముందు రోజు ఎగువన హిందూపురం దిక్కున మెరుపులు కనిపించాయి. అవ్వ ఒకసారి చూసి "అది మనది కాదులే" అని లోపలికి పోయింది. అలాంటి మెరుపులు చూసి చూసి విసిగిపోయిన జనం... ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు గట్టు మీద రెండు ఊళ్లవాళ్లూ చేరారు. నేను గౌను ఒడిలో వేయించిన చెనక్కాయలు పోసుకుని ముందు వరసలో కూర్చున్నాను. చిన్నాయన ఎలా ఆడాడంటే... ఇసుకలో పడి లేవడం, మళ్లీ పడడం, మొహం కూడా గుర్తుపట్టలేనంత ఇసుక. ఒక్క బంతి దాటలేదు. మావాళ్లూ ఒక్క గోలు కొట్టలేదు. పొద్దు వాలుతుండగా మావాడెవడో గోలు ముందర బంతిని చేత్తో ఆపాడు. పెనాల్టీ.

హనుమంతు బంతి పెట్టుకున్నాడు. చిన్నాయన ఎగువకు వీపు పెట్టి గోల్లో వంగి నిలబడ్డాడు.

హనుమంతు పరుగు మొదలుపెట్టి మధ్యలోనే ఆగిపోయాడు. చిన్నాయన తల మీదుగా ఎటో చూస్తున్నాడు.

"ఓబులేసూ, ఏరొస్తాండాది."

"పోయిన తూరి గూడా ఇట్లే మాటలు చెప్పినావు. తన్నప్పా" అన్నాడు చిన్నాయన. వెనక్కి తిరగలేదు.

అప్పుడు చూశాను నేను... ఏటి వంపులో నురగ. చెత్తా చెదారం, చెనక్కాయ పొట్టు, ఎండాకులు ముందుకు తోసుకుంటూ ఎర్రటి నీళ్లు... ఏరంత వెడల్పున. చేటలో బియ్యం చెరుగుతున్నట్టు చప్పుడు. చూస్తుండగానే చెలమ మాయమైంది. నాకు ఒళ్లు జలదరించింది.

"ఓబులేసూ, వచ్చేయ్‌రా" అని గట్టంతా పిలుస్తోంది. ఆయన నమ్మడే. ఏడాదంతా తూము అని పిలిచిన నోళ్లు కదా... ఎలా నమ్ముతాడు. నీళ్లు మడమలకు తగిలినా ఆయన చూపు బంతి మీదే ఉంది.

హనుమంతు బంతిని వదిలేసి పరుగెత్తాడు. చిన్నాయనను నడుం పట్టుకుని గట్టుకు ఈడ్చుకొచ్చాడు. వాళ్ల వెనకాలే మా గోలు కట్టెలు ఒరిగిపోయాయి. బంతి తేలుతూ దిగువకు పోయి, నేరుగా నిడుగల్లు గోల్లోంచి దూరి వెళ్లిపోయింది. ఏరు మాది కాబట్టి గోలు కూడా మాదే అని మా ఊరివాళ్ల వాదన... ఇప్పటికీ.

కానీ ఆ వేళ గోలు సంగతి ఎవరూ ఎత్తలేదు. అందరూ చెప్పులు విడిచి నిలబడ్డారు. అవ్వ ఇంటికి పోయి పసుపు కుంకుమ తెచ్చి నీళ్లలో వేసింది. నిడుగల్లువాళ్లూ వంగి నీళ్లు కళ్లకద్దుకున్నారు.

"ఇన్ని నీళ్లు యాడుండెనవ్వా ఇన్ని దినాలు" అని అడిగాను. అవ్వ కళ్లు తుడుచుకుంటూ నా తల నిమిరింది.

ఆ తర్వాత తూము అన్న మాట ఊళ్లో వినపడలేదు. "ఏరొచ్చినా గోలు వదల్లేదు" అనేవాళ్లు. కబురు పంపని ఆ పెళ్లివాళ్లు కబురు పంపారు. "ఏరొచ్చినా కదలనోడు నన్ను యాడ వదుల్తాడులే అనుకొంటి" అని మా చిన్నమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

ఇప్పుడు టీవీలో పెద్ద పెద్ద మ్యాచులు చూస్తాను, ఒక్కటీ వదలను... అంత జలదరింపు మళ్లీ రాలేదు. మా ఏట్లో ఆడుకోవడానికి ఇసుక కూడా లేదు. గుంతలు, తుమ్మ చెట్లు. హనుమంతు ఎప్పుడొచ్చినా "నేను తన్నింటే గోలే" అంటాడు. "పట్టింటాను పో" అంటాడు చిన్నాయన.

మొన్న ఊరికి వెళ్తే ఇద్దరూ గట్టు మీద కూర్చుని ఉన్నారు. చిన్నాయన ఎగువ వైపే చూస్తూ అన్నాడు... "రెండూళ్ల జనం ఏరు వచ్చేది చూసిరి. నేనొక్కణ్ణే చూడలేదు పాపా."

తర్వాత ఎప్పుడైనా ఏరు వచ్చినా, తెల్లారి లేచి చూసేసరికే పారుతూ ఉండేది. అది వచ్చేటప్పుడు చూడడం ఆయనకు మళ్లీ కుదరలేదు.

మీ ఊరి ఏరు వచ్చేది మీరు చూశారా... చూసి ఉంటే కాస్త రాయండి. మా చిన్నాయనకు చదివి వినిపిస్తాను.