ముందు సీటులో భుజాలు

ఇరవై ఏళ్ల కిందట, నా భార్యకు నిద్ర పట్టడం లేదని కౌన్సెలింగ్‌కు తీసుకెళ్లాను. ఆ డాక్టరమ్మ మందేమీ రాయలేదు. ఒళ్లు ఎక్కడ బిగుసుకుంటుందని, ఎవరి కోసం బతుకుతున్నావని తనను అడిగింది. వచ్చే వారం ఇంటిల్లిపాదీ రావాలంది. కడుపునొప్పి ఒకరికైతే ఇంట్లో అందరూ కషాయం తాగాలా?

తిరిగొచ్చేటప్పుడు మారతహళ్ళి వెళ్లే సిటీ బస్సులో తను ముందు, ఆడవాళ్ల సీట్లో కూర్చుంది. నేను వెనక కూర్చుని, పక్కనున్న ముసలాయన దగ్గర నా విసుగంతా వెళ్లగక్కాను. మధ్యమధ్యలో “టికెట్ తీసుకున్నావా?” అనో, ఇంకేదో అనో తనను కేకేశాను.

ముసలాయన నా మోచేయి పట్టుకున్నాడు. “ఇంకోసారి పిలువప్పా. ఆయమ్మ భుజాలు చూస్తా పిలువు.”

పిలిచాను. దెబ్బ పడబోతున్నట్టు ఆ భుజాలు చెవులదాకా లేచాయి. నేనెన్నడూ తన మీద చెయ్యెత్తలేదు.

“నువ్వు అరిచినప్పుడంతా అట్లే లేస్తా ఉండాయి,” అన్నాడాయన.

“మీ పని మీరు చూసుకోండి,” అని లేచి వేరే సీటుకు మారాను. తనను మళ్లీ ఆ డాక్టరమ్మ దగ్గరికి పంపలేదు.

తను నన్ను వదిలి వెళ్లిపోయిన ఏడాదికి, నిద్ర పట్టక, నేనే ఒంటరిగా అక్కడికి వెళ్లాను. వచ్చే వారం ఇంటిల్లిపాదీ రండి అంది డాక్టరమ్మ.

అందరం వచ్చేశామని చెప్పాను.