ఉచిత నట్టల మందు

నా నోటి పుణ్యమా అని ఒక ఊళ్లో బడి వరండాను కడిగి కడిగి నీళ్ల ట్యాంకరే ఖాళీ అయింది. ఎట్లాగో చెబుతాను. నవ్వుకోండి గానీ మా ఇంట్లో మాత్రం చెప్పకండి.

అప్పుడు నేను చౌటుప్పల్‌లో డిగ్రీ చదువుతూ ఒక సేవా సంఘంలో చేరాను. సంఘం పెద్ద సత్తెన్నది సైకిల్ రిపేరు దుకాణం. ఆదివారం వస్తే దుకాణం మూసి ఏదో ఒక పల్లెలో వైద్య శిబిరం పెట్టేవాడు. ఆసారి తిరుమలగిరి దగ్గర ఒక ఊరు. నల్లగొండ నుంచి ఒక డాక్టరమ్మ సెలవు రోజు వదులుకుని వస్తోంది. పిల్లలకు నులిపురుగుల మాత్రలు, పెద్దలకు బీపీ పరీక్షలు. ముందురోజు ఆటోలో తిరుగుతూ మైకులో చాటడం నా పని.

"నులిపురుగుల నివారణ అని చెప్పు" అన్నాడు సత్తెన్న. ఇదేం పుస్తకాల భాష, ఊరివాళ్లకు ఊరి మాటే చెప్పాలి అనుకున్నాను. ఎప్పుడో అమ్మమ్మ ఊళ్లో విన్న మాట గుర్తొచ్చింది. ఇంకేం, గొంతు సవరించుకున్నాను.

"నట్టల మందు! ఉచిత నట్టల మందు! రేపు పొద్దుగాల బడి కాడికి మీ పిల్లలను తోల్కరాండ్రి! ఒక్క పిల్లను గూడ ఇడిచిపెట్టొద్దు!"

ఒక ముసలాయన ఆటోకు అడ్డం వచ్చాడు. "అన్నిటికి పోస్తరా బిడ్డా?"

"అన్నిటికి పోస్తం పెద్దయ్యా!"

"అందరికి" అనకుండా "అన్నిటికి" అంటున్నాడేమిటని అప్పుడైనా అనుమానం రావాలి కదా! రాలేదు.

తెల్లారింది. డాక్టరమ్మ వచ్చి కూర్చుంది. ఒక్క పిల్లవాడూ రాలేదు. నేను తల వంచుకుని మాత్రలు సర్దుతుంటే ఒక ఆడమనిషి గొంతు వినిపించింది.

"మందేది బిడ్డా? మా పిల్లలు వచ్చినయి."

"ఎన్నేండ్లు?"

"ఏండ్లేంది? మూడు నెల్లయితాంది ఈని."

"మూన్నెల్ల పిల్లలకు ఈ మాత్ర ఇయ్యరమ్మా."

"ఇయ్యకుంటె ఎట్ల? కడుపులుబ్బి మేత ముడుతలెవ్వు!"

మేత అన్న మాటకు తలెత్తాను. ఆమె మల్లమ్మ. చేతిలో కర్ర. ఆమె వెనుక గేటు నుంచి రోడ్డు దాకా గొర్రెలు, వాటి వెనుక మేకలు. డాక్టరమ్మ కోసం తెచ్చిన బంతిపూల దండ అప్పటికే ఒక మేక నోట్లో సగం ఉంది.

సత్తెన్న నా చొక్కా పట్టుకున్నాడు. "ఏం చాటినవ్‌రా?"

"నట్టల మందన్నా..."

"ఓరి నీ... నట్టల మందంటె గొర్లకు పోసే కడుపుల పురుగుల మందురా!"

"మరి పిల్లలేరీ?" అంది డాక్టరమ్మ.

"గొర్ల మందన్నంక పోరగాండ్లనెందుకు తెస్తమమ్మా?" అని మల్లమ్మ నా వైపు తిరిగింది. "మేపుకునే పొద్దంత పోయె. మందు పోస్తెనే ఈడికెల్లి కదులుత."

సత్తెన్న నన్ను బండి మీద తిరుమలగిరికి తరిమాడు. పశువుల డాక్టరు బంధువుల దావత్‌లో మటన్ ముందు కూర్చుని ఉన్నాడు. కాళ్లు పట్టుకున్నంత పని చేసి మందుతో సహా తెచ్చాను. గొర్రెల నోళ్లు తెరిచి పట్టుకునే ఉద్యోగం ఎవరికి దక్కిందో వేరే చెప్పాలా?

వంతు కోసం కూర్చున్న కాపరులకు డాక్టరమ్మ బీపీ చూడసాగింది. మల్లమ్మ దగ్గర ఆగిపోయింది. "ఇంత ఎక్కువుంది, తల తిరగడం లేదా?"

"తిరుగుతాంది. ఎండకేమో అనుకున్న."

డాక్టరమ్మ మాత్రలిచ్చి, రోజూ ఎందుకు వేసుకోవాలో ఓపికగా చెప్పింది. మల్లమ్మ లేచి ఊరివైపు కేకేసింది. "ఓ పిల్లా! మన పోరగాండ్లందర్ని తోల్కరా! గీ అమ్మ మంచిగ చూస్తాంది!" గొర్రెలను ఆవరణలోకి తోలి, పెంటికలతో నిండిన వరండాను ట్యాంకరు ఖాళీ అయ్యేదాకా కడిగాను. మధ్యాహ్నానికి పిల్లలతో అది నిండిపోయింది. నా ప్రాణం కుదుటపడింది.

సరిగ్గా అప్పుడే ఒక పొట్టేలు తుమ్మింది. నోట్లో పోసిన మందంతా ఎగిరి నా నోట్లో పడింది. గుటుక్కున మింగేశాను!

"మేడం! నట్టల మందు మింగిన!"

"నన్నడిగితే ఎట్లా? ఆయన్నడుగు" అని డాక్టరమ్మ పశువుల డాక్టరును చూపించింది.

ఆయన నన్ను కింది నుంచి మీదికి చూశాడు. "ఎంత బరువుంటవ్?"

"యాభై కిలోలు సార్."

"అయితె సగమే పడ్డట్టు. నోరు తెరువు, ఇంకో సగం పోస్త."

నేను గోడ దూకాను. అంత మంది పిల్లలు, అన్ని గొర్రెలు ఒకేసారి నన్ను చూడడం అదే మొదటిసారి, చివరిసారి కూడా. ఆ గోడ అవతల నిలబడి, కుడిచేయి ముందుకు చాచి, భయభక్తులతో ప్రమాణం చేశాను: ఇకమీదట ఊరి భాష మాట్లాడాలని బుద్ధి పుడితే, ముందు ఆ మాటకు తోక ఉందో లేదో చూసుకుంటాను.