నొమికోస్ అనే కేక

వీధిలో ఎవరు "నొమికోస్!" అని కేక వేసినా తెమెలీనా తల తిప్పేది. చేతికి పిండి అంటుకుని ఉన్నా, పళ్ళ మధ్య దారం ఉన్నా తిప్పేది. పిలుపు తన ఇంటికి కాదని తెలిశాక మళ్ళీ పని మీదికి వంగేది. ముసలితనంలోనూ ఆ అలవాటు పోలేదు.

మా దీవిలో ఆ పేరుకు కొదవ లేదు. ముసలి నొమికోస్‌కు ఐదుగురు కొడుకులు. ప్రతి ఒక్కరూ తమ మొదటి మగబిడ్డకు తమ తండ్రి పేరే, అంటే బిడ్డ తాత పేరే, పెట్టుకున్నారు. అది మా పద్ధతి. అలా ఒక్క వీధిలోనే ఐదుగురు మనవలు, ఒకటే పేరు. మధ్యాహ్నం ఏ తల్లి అయినా గుమ్మంలోంచి పిలిస్తే పక్కింటి కలియోపీ నవ్వేది.

"ఏ నొమికోస్‌నే? మేకలవాడినా, కుంటివాడినా? అందరూ వచ్చి కూర్చుంటే నీ చేపల పులుసు చాలదు, చూసుకో!"

ఇప్పుడా వీధిలో మధ్యాహ్నాలు నిశ్శబ్దంగా ఉంటాయి.

తెమెలీనా భర్త ఆ ఐదుగురు నొమికోస్ మనవల్లో చిన్నవాడు. సముద్రం అడుగున స్పాంజీలు కోసేవాడు. ఒక ఏడు ఈస్టర్ తరవాత పడవలు ఆఫ్రికా తీరానికి వెళ్ళి, అక్టోబరులో తిరిగి వచ్చాయి. అతను రాలేదు. అతను నీళ్ళలోకి దిగినప్పుడు పడవ మీద అతని తాడు పట్టుకునే సకెల్లారిస్ ఆమె ముఖం చూడకుండా చెప్పాడు.

"జబ్బు చేసింది వదినా. అక్కడి ఆసుపత్రిలో దింపాం."

అప్పటికి ఆమె ఒళ్ళో రెండు నెలల మగబిడ్డ.

రెండేళ్ళు ఉత్తరం లేదు. బిడ్డకు బాప్తిస్మం జరగలేదు. పేరు లేని మగపిల్లలందరినీ పిలిచినట్టే వాడినీ డ్రాగన్ అనేవాళ్ళం. వాడికి రావలసింది తాత పేరు, మికేస్. తండ్రి పేరే బిడ్డకు పెట్టేది తండ్రి చనిపోయినప్పుడు మాత్రమే. అయినా అత్త సెవాస్తీ రోజూ అడిగేది.

"నా కొడుకు పేరు పెట్టవే. పిలుచుకోవడానికి ఇంట్లో ఒకరుండాలి నాకు."

"వచ్చాక ఆయన్నే పిలుచుకో అత్తా. బతికున్నవాడి పేరు తీసి బిడ్డకు తొడగను."

చివరికి బాప్తిస్మానికి జ్ఞానతండ్రిగా తెమెలీనా సకెల్లారిస్‌నే కుదిర్చింది. "మికేస్. మరిచిపోకు" అని మూడుసార్లు చెప్పింది. చర్చిలో పేరు పలికేది జ్ఞానతండ్రే. తల్లి ఇంట్లో ఉండి, పేరు వినడానికి ఎదురుచూడాలి.

అప్పుడు నాకు ఏడేళ్ళు. బాప్తిస్మపు తొట్టి పక్కనే నిలబడ్డాను. ఫాదర్ బిడ్డ పేరు ఏమిటని అడిగాడు. సకెల్లారిస్ బిడ్డ వంక చాలాసేపు చూశాడు.

"నొమికోస్" అన్నాడు.

సెవాస్తీ నేల మీద కూలబడింది.

పేరును ముందుగా తల్లికి చేర్చిన పిల్లకు బాదం మిఠాయి దొరుకుతుంది. నాకదొక్కటే తెలుసు. మెట్లన్నీ దూకుతూ వెళ్ళి సంతోషంగా అరిచాను.

"నొమికోస్, పిన్నీ! నొమికోస్!"

ఆమె మిఠాయి పళ్ళెం పట్టుకుని గుమ్మంలో ఉంది.

"సరిగ్గా విన్నావా?"

"విన్నాను."

గుప్పెడు మిఠాయి తీసి నా గౌనులో పోసింది. ఒక్కటీ కింద పడలేదు.

సకెల్లారిస్ వచ్చి బిడ్డను ఆమె చేతుల్లో పెట్టాడు. "నా ఒళ్ళోనే పోయాడు వదినా. అక్కడి ఇసుకలోనే పెట్టి వచ్చాం. ఇంకోలా చెప్పడం నాకు చేతకాలేదు."

"రెండేళ్ళు పట్టిందా నీకు?" అంది తెమెలీనా.

మర్నాడు తెల్లవారగానే ఆమె పెరట్లో పెద్ద బానలో, మా దీవి విధవలు కట్టుకునే నల్లరంగు కాచింది. తన బట్టలు ఒక్కొక్కటే అందులో ముంచింది. పెళ్ళినాటి తెల్ల తలగుడ్డను చివర్న వేసింది.