లేని నలభై ఇంజెక్షన్లు

మందులక్క అనే పేరు ఆమెకు ఆసుపత్రి పెట్టింది. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతం కాగితాల్లో తప్ప ఎక్కడా వినిపించేది కాదు. స్టోరు గదిలో పంతొమ్మిదేళ్ళు పనిచేసింది. గదంటే పెద్ద గదేం కాదు. మూడు ఇనప బీరువాలు, ఒక ఫ్రిజ్, ఒక బల్ల, వరండాలోకి తెరుచుకునే చిన్న కిటికీ. నర్సులు ఆ కిటికీలోంచి చీటీ ఇచ్చి మందులు తీసుకెళ్ళేవారు. మందులక్కకు చాదస్తమని అందరూ ఎగతాళి చేసేవారు. బీరువాకు తాళం వేసి లాగి చూసేది, నాలుగడుగులు వేసి వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూసేది. "తాళం ఊడొచ్చేదాకా లాగుతావా అక్కా?" అని అదే ఆసుపత్రిలో ఆయాగా చేసే చెల్లెలు నవ్వేది. అలాంటి మనిషిని పట్టుకుని దొంగ అన్నారు. పనిని గాలికొదిలేసినవాళ్ళ జోలికి ఎవరూ పోలేదు. చెబుతుంటేనే ఒళ్ళు మండుతుంది.

స్టోరుకు కంప్యూటర్ రావడంతో మొదలైంది అంతా. అంతకుముందు స్టాకంతా లావుపాటి రిజిస్టర్లో ఉండేది. కొత్త పద్ధతిలో, పెట్టె రాగానే దాని మీది గీతలకు స్కానర్ చూపించాలి, అది కుయ్యిమనాలి, పెట్టెలోని పది ఇంజెక్షన్లూ లెక్కకు ఎక్కాలి. కంప్యూటర్ పెట్టిన కంపెనీ మనిషి రెండు గంటలు నేర్పి, "చప్పుడు రాకపోతే మళ్ళీ చూపించండి మేడమ్, అంతే" అని చెప్పి చక్కా పోయాడు. వారంలో రెండు మూడుసార్లు తెర తెల్లబోయి ఉలుకూ పలుకూ లేకుండా నిలిచిపోయేది. ఇంకొకరైతే అక్కడితో వదిలేసి టీ తాగడానికి పోయేవారు. మందులక్క మాత్రం అక్కడే నిలబడి, చెప్పింది చెప్పినట్టు మళ్ళీ చూపించేది. ఆ మాయదారి యంత్రం మొదటిదీ రాసుకునేది, రెండోదీ రాసుకునేది. నెలన్నరలో ఒక్క మందువే నాలుగు పెట్టెలు అలా ఎనిమిదయ్యాయి. బీరువాలో లేని నలభై ఇంజెక్షన్లు తెర మీద పుట్టుకొచ్చాయి.

మామూలు మందులైతే ఎవరికీ పట్టేది కాదు. ఇవి నొప్పి తెలియకుండా చేసే మత్తు మందులు, మందులక్క ఒక్కదాని తాళం కింద ఉండేవి. ఆమె మూడుసార్లు లెక్కపెట్టింది. తన కళ్ళనే అనుమానించి చెల్లెల్ని పిలిచి లెక్కపెట్టించింది. అంతలో ఉన్నవి కూడా అయిపోయాయి. కొత్త స్టాకు పంపమని పెద్ద స్టోరుకు ఇండెంటు రాసింది. మీ దగ్గర నలభై ఉన్నాయని తిప్పి పంపారు. మళ్ళీ రాసింది. ఈసారి పెద్ద స్టోరు ఆఫీసరే ఫోన్ చేశాడు. "ఉన్నవి ఏం చేశావో ముందు చెప్పు. ఇంకోసారి ఇండెంటు పంపావంటే పోలీసులకు చెబుతాను."

ఆ మర్నాడు ఉదయమే తాపీమేస్త్రీ కిటికీ దగ్గరకు వచ్చాడు. అతని భార్య ఆడవాళ్ళ వార్డులో చివరి మంచం మీద ఉంది. ఎముకల్లో కేన్సరు. చేతులకు అంటిన సిమెంటు కూడా కడుక్కోకుండా, చీటీ పట్టుకుని నిలబడ్డాడు.

"ఒక్కటి ఇప్పించండమ్మా. అరిచే ఓపిక కూడా లేదు దానికి."

"లేవయ్యా. ఒక్కటి కూడా లేదు."

మేస్త్రీ ఆమె భుజం మీదుగా చూశాడు. తెర కిటికీ వైపే తిరిగి ఉంది. చీటీలో ఉన్న మందు పేరే తెర మీదా ఉంది, పక్కన నలభై అంకె. అతను చీటీ గుప్పిట్లో నలిపి వెనక్కి తిరిగాడు. రెండు రోజులకు అతని భార్య ఆ నొప్పితోనే పోయింది.

మందులు అమ్ముకుందని మందులక్క మీద కేసు పెట్టారు. కోర్టులో మేస్త్రీ చెప్పింది ఒకటే మాట. "నలభై ఉన్నాయి. నా కళ్ళతో చూశాను. ఉంచుకుని లేవంది." అతను అబద్ధమాడలేదు, చూసిందే చెప్పాడు. కంప్యూటర్ తప్పు చెయ్యదని కంపెనీ సాక్ష్యం చెప్పింది. "ఒప్పుకుంటే జైలు తప్పుతుంది" అన్నాడు లాయరు. మందులక్క నోట్లో నాలుక లేనిదానిలా తల ఊపింది. జైలూ తప్పలేదు, ఎనిమిది నెలలు ఉండొచ్చింది. రోగుల నొప్పి మందు అమ్ముకు తిన్న మనిషని ఊరంతా చెప్పుకున్నారు. చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్ళు కూడా ఎదురుపడితే మొహం తిప్పుకుని పోయేవారు. ఆ తర్వాత పదేళ్ళు చెల్లెలి ఇంట్లో ఉండి, ముందు గదిలో బట్టలకు గుండీలు కుడుతూ బతికింది. మిగతావన్నీ దిగమింగుకుంది గానీ, మేస్త్రీ వాంగ్మూలం మాత్రం గొంతుకడ్డం పడ్డ ముల్లులా ఉండిపోయింది. అతను ఆ మాట తప్పని ఒక్కసారి అంటే చాలనుకునేది.

కంపెనీలో పనిచేసి మానేసిన ఒక ఇంజనీరు నోరు విప్పాకే బండారం బయటపడింది. యంత్రం ఒక పెట్టెను రెండుగా రాస్తోందని కంపెనీకి మొదటి ఏడాదే తెలుసట. తెలిసీ నోరు మెదపలేదట. మందులక్కలాంటి స్టోరుకీపర్లు ఇరవై ముగ్గురు శిక్షపడి జైళ్ళకు పోయారు. అందరూ ఒకే బాపతు, చప్పుడు రాకపోతే మళ్ళీ చూపించేవాళ్ళు.

జనం భగ్గుమన్నారు. ఆసుపత్రి ముందు రోడ్డు నిండిపోయింది. మొహం తిప్పుకున్నవాళ్ళే ఇప్పుడు మందులక్క ఫోటో పట్టుకుని గొంతు చించుకున్నారు. చెల్లెలు టీవీ ముందు కూర్చుని ఒక్కొక్కరినీ గుర్తుపట్టింది. "అదిగో ఆ ఎర్రచీర ఆవిడ! మన గుమ్మం ముందు ఉమ్మేసి పోయింది అక్కా. ఇప్పుడు చూడు, నోరు మూతపడ్డం లేదు మహాతల్లికి!"

మందులక్కకు నవ్వొచ్చింది, వెంటనే కడుపు మండింది. అప్పుడెక్కడ చచ్చారు వీళ్ళంతా? ఒక్కరు, ఒక్కళ్ళంటే ఒక్కరు వచ్చి అడిగారా? అంతలో ఆ గుంపు మధ్యలో నెరిసిన తలతో మేస్త్రీ కనిపించాడు. అరవడం లేదు. ఊరికే నిలబడి ఉన్నాడు.

కోర్టు ఆ శిక్షను కొట్టేయడానికి పట్టింది నాలుగు నిమిషాలు. బయట మెట్ల కింద జనం, మైకు, టీవీవాళ్ళు. మేస్త్రీని మాట్లాడమని ఎవరో పిలిచారు. అతను మైకు వైపు పోకుండా మెట్లెక్కి నేరుగా ఆమె దగ్గరకు వచ్చాడు.

"అక్కడ మాట్లాడమంటున్నారమ్మా. ముందు మీరొకటి చెప్పండి. ఆ రోజు నిజంగా లేవా?"

"లేవు. రెండుసార్లు ఇండెంటు రాశాను. నలభై ఉన్నాయని తిప్పి కొట్టారు."

అక్కడితో ఆపేస్తే సరిపోయేది. ఆమె ఎదురుచూసింది అతని నోటి నుంచి ఒక్క మాట కోసం, ఆ మాట గుమ్మం దాకా వచ్చి నిలబడింది. చెల్లెలు కూడా చెయ్యి నొక్కింది, చాల్లే అన్నట్టు. కానీ మందులక్క ఆపలేకపోయింది.

"మూడోసారి రాయలేదు మేస్త్రీ. రాస్తే పోలీసులకు చెబుతానన్నాడు ఆఫీసరు. భయపడ్డాను. మీరు వచ్చి వెళ్ళాక కూడా రాయలేదు. ఇంకా రెండు రోజులు బతికి ఉంది కదా ఆవిడ. ఆ రెండు రోజులూ రాయలేదు."

మేస్త్రీ ఆమె వైపే చూస్తూ నిలబడ్డాడు. తిడతాడనే అనుకుంది, తిట్టినా పడాలనే అనుకుంది. అతను వెనక్కి తిరిగి, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగి, మైకు ముందు నిలబడ్డాడు.

"కోర్టులో నలభై ఉన్నాయని చెప్పింది నేనే" అన్నాడు. "అవి లేవు. నా మాట తప్పు. ఈవిడ మందు కోసం రెండుసార్లు అడిగింది. మూడోసారి అడిగితే పోలీసులకు పట్టిస్తామని బెదిరించి నోరు నొక్కారు. నా భార్య నొప్పితో పోయింది. దానికి జవాబు ఈవిడ చెప్పక్కర్లేదు. చెప్పాల్సినవాళ్ళు ఇంకా కుర్చీల్లోనే ఉన్నారు."

జనం ఒక్కసారిగా హోరెత్తారు. మందులక్క చెల్లెలి చెయ్యి పట్టుకుని మెట్ల మీదే కూలబడి, జైల్లో కూడా ఏడవని మనిషి, అందరూ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చింది.