గోడ మీద అప్ప గిన్నె

మా పక్కింటి అప్ప పోయింది. ఈ దీవిలో మా బతు బస్తీకి రోజు విడిచి రోజు నీళ్ళొస్తాయి. వీధి కుళాయి దగ్గర మొదటి బిందె ఎప్పుడూ ఆవిడదే. పోయిన మంగళవారం నీళ్ళొచ్చి ఆగిపోయాయి గానీ ఆ బిందె బయటికి రాలేదు. "భయ్యా, దీదీ నహీ ఆయీ?" అని ఎదురింటి బెంగాలీ ఆవిడ అడిగితే వెళ్ళి తలుపు తోశాను. మంచం మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. నిద్రలోనే వెళ్ళిపోయింది.

నాకు సొంత అక్క కాదు. మా పెద్దవాళ్ళు సిక్కోలు తీరం నుంచి వచ్చినవాళ్ళు. అక్కని అప్ప అనడం వాళ్ళతోపాటే ఓడెక్కి ఈ దీవికొచ్చింది. ఆవిడ ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. మొగుడు చిన్న వయసులోనే పోయాడు, పిల్లల్లేరు.

మా సంఘంలో ఎవరికైనా మేలు జరిగితే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుంటారు. పిల్లాడు పరీక్ష పాసైనా, కొత్త ఇల్లు కట్టినా పాస్టరుగారొచ్చి ప్రార్థన చేస్తారు, టీ, గుగ్గిళ్ళు పంచుతారు. అప్ప మాత్రం కష్టమొచ్చినప్పుడు పెట్టేది. ఓసారి గాలివానకి ఆవిడ ఇంటి రేకులన్నీ లేచిపోయాయి. ఆ ఆదివారమే కూడిక అంది. కొత్త రేకులు వేయించింది కాబోలనుకుని అందరం ముస్తాబై వెళ్ళాం. చూస్తే నెత్తిన ఆకాశం! మబ్బు కమ్ముతుంటే పాస్టరుగారు ప్రార్థన గబగబా ముగించారు.

"ఇదేం విడ్డూరం అప్పా?" అన్నాను.

"రేకులెగిరిపోనాయి గానీ గోడలున్నాయి కదేటి తమ్ముడా? ఉన్నదానికి వందనాలు సెప్పొద్దేటి?" అంది. చినుకుల్లో గుగ్గిళ్ళు తింటూ నవ్వుకున్నాం.

తర్వాత కష్టం నా ఇంటికొచ్చింది. మా ఆవిడకి జబ్బు చేస్తే విశాఖ తీసుకెళ్ళమన్నారు. తుఫానుకి ఓడ కదల్లేదు. ఇరవై ఏళ్ళు జెట్టీలో టికెట్లు ఇచ్చినవాణ్ణి, నా మనిషికి మాత్రం ఓడ దొరకలేదు. సమాధి చేసిన మూడోనాడు అప్ప వచ్చి, "కూడిక పెట్టుకుందుమా తమ్ముడా?" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నా పెళ్ళాం చచ్చిపోయినందుకు దేవుడికి థాంక్స్ చెప్పాలా? చల్, నికల్!" అని గుమ్మం వైపు చెయ్యి చూపించి అరిచాను. పెద్దావిణ్ణి అంత మాట అనకూడదు. అనేశాను.

ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "సచ్చినందుక్కాదురా. ఉన్నందుకు" అని వెళ్ళిపోయింది.

ఏడాది పాటు ఆవిడతో మాట్లాడలేదు. ప్రార్థన కూడా మానేశాను. కానీ రోజూ సాయంత్రం మా రెండిళ్ళ మధ్య గోడ మీద స్టీలు గిన్నెలో కూరో పులుసో ఉండేది. ఇరుగుపొరుగు గిన్నె ఎవరూ ఖాళీగా తిరిగివ్వరు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేస్తారు. నేను తినేవాణ్ణి, కడిగేవాణ్ణి, ఖాళీ గిన్నె తెచ్చి గోడ మీద పెట్టేవాణ్ణి. కావాలనే. కాసేపటికి గిన్నె అక్కడ ఉండేది కాదు. మర్నాడు మళ్ళీ నిండుగా వచ్చేది.

చివరికి ఓ రోజు నేనే, "పులుసులో ఉప్పెక్కువైంది అప్పా" అన్నాను.

"ఏడాదికి నోరు తెరిసి ఇదేటిరా సెప్పడం?" అంది.

అలా మాటలు కలిశాయి. కూడిక ఊసు మాత్రం ఆవిడ మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. గిన్నె ఖాళీగానే వెళ్తూ వచ్చింది. మొదట్లో కోపం, ఆ తర్వాత అలవాటు. సిగ్గుచేటు, ఒప్పుకుంటున్నాను.

సమాధుల తోటలో పాస్టరుగారు "ఎవరైనా రెండు మాటలు చెప్పండి" అంటే నేను నోరు విప్పలేకపోయాను. ఇంటికొచ్చి చూస్తే, సోమవారం పంపిన గిన్నె వంటింట్లో ఉంది. అడుగున కాస్త చేపల పులుసు ఎండిపోయి ఉంది. అక్కడే కూలబడి ఏడ్చాను. మా ఆవిడ పోయాక ఆ ఇంట్లో నేను గట్టిగా ఏడవడం అదే మొదలు.

ఆదివారం మా ఇంట్లో కూడిక పెట్టాను. "దేనికి బ్రదర్?" అన్నారు పాస్టరుగారు. "ఉన్నందుకు" అన్నాను. ఆయనకి అర్థమైందో లేదో, తలూపారు. శనగలు నేనే ఉడికించాను, ఉప్పు తక్కువైంది. నా వంతు రాగానే లేచి నిలబడ్డాను.

"ప్రభువా, ముప్పై ఏళ్ళు మా ఆవిణ్ణి నాకిచ్చావు. ఆమె పోయాక పక్కింట్లో అప్పని ఉంచావు. వందనాలు."

అంతే చెప్పి కూర్చున్నాను.

అందరూ వెళ్ళాక మిగిలిన గుగ్గిళ్ళు అప్ప గిన్నెలో నిండా పోసి, మూత పెట్టి, గోడ మీద ఆవిడ వైపుకి జరిపి పెట్టాను. ఇన్నేళ్ళలో ఆ గిన్నె నా ఇంటి నుంచి నిండుగా వెళ్ళడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున్న నీళ్ళొచ్చాయి. బిందె పట్టుకుని బయటికొచ్చాను. మొదటి బిందె నాదే అయింది. గిన్నె గోడ మీదే ఉంది.