కొంగలు మూయించిన నోరు

మా పెదనాన్న గుసగుసలాడితే వీధి చివర తలుపులు తెరుచుకునేవి. పక్క గదిలో ఉన్న మనిషిని పిలవడానికి కూడా అవతలి ఒడ్డుకు వినపడేంత గొంతు వాడేవాడు. అలాంటి మనిషికి దొరికిన పని ఏమిటయ్యా అంటే, చప్పుడు చేయకుండా జనాన్ని పడవలో తీసుకెళ్లి మడుగులో కొంగల గూళ్లు చూపించడం.

అంతకుముందు అదే మడుగులో వల పన్ని ఆ కొంగల్నే పట్టేవాడు. ఆయనొక్కడే కాదు, మా వాళ్లంతా అదే పని. పట్టగా పట్టగా కొంగలు కరువయ్యాయి, మా పొయ్యిలూ చల్లబడ్డాయి. అప్పుడు వలలు మడిచి అటకెక్కించి, పడవల సంఘం పెట్టుకున్నారు. చూడటానికి వచ్చేవాళ్లకు మగవాళ్లు పడవ నడుపుతారు, ఆడవాళ్లు ఇంట్లో ఒక గది ఇచ్చి భోజనం పెడతారు. రోజుకు ఆరు పడవలే. వంతుల పట్టిక రాసేది నేను. గూటి మీద కూర్చున్న కొంగను లేపిన పడవ, ఆ ఏడాది గుడ్ల కాలమంతా ఒడ్డునే ఉండాలి. ఈ నియమం పెట్టించింది ఎవరనుకున్నారు? పెదనాన్నే. "లేపినవాడు నా తమ్ముడైనా సరే, ఒడ్డున కూర్చోవాల్సిందే!" అని మీటింగులో బల్ల గుద్ది అరిచాడు. ఆ అరుపుకే నాలుగు కొంగలు లేచి ఉంటాయని ఆ తమ్ముడు, అంటే మా నాన్న, ఇప్పటికీ అంటాడు.

పెద్దమ్మ సంబరం అంతా ఇంతా కాదు. "ఇన్నేళ్లూ నేను మూయించలేని నోటిని కొంగలు మూయించాయి" అని ఇంటికొచ్చిన ప్రతి అతిథికీ చెప్పేది. కానీ ఆయన గుమ్మంలోకి రాగానే, పొద్దుటి నుంచి దాచుకున్న మాటలన్నీ ఒక్కసారిగా బయటపడేవి. "నెమ్మదండీ, నేనేం అవతలి ఒడ్డున లేను" అని చెవులు మూసుకునేది.

ఈ ఏడాది కొంగలు గుడ్లు పెట్టడం మొదలైన వారానికి, ఆయన పడవలో ఒక పంతులమ్మ ఫోటో కోసం లేచి నిలబడింది. పడవ ఒరిగింది. ఆయన సైగ చేశాడు, ఆవిడ చూడలేదు. మెల్లగా చెప్పాడు, వినలేదు.

"కూర్చోమ్మా!"

పంతులమ్మ కూర్చుంది. కొంగలన్నీ లేచాయి.

చుట్టుపక్కల వేరే పడవ లేదు. ఎవరికీ చెప్పనని పంతులమ్మ ఒట్టేసింది కూడా. పెదనాన్న నేరుగా నా బల్ల దగ్గరికొచ్చాడు.

"పట్టికలో నా పేరు కొట్టెయ్."

పుట్టి బుద్ధెరిగాక ఆయన మాట నాకు సరిగా వినపడకపోవడం అదే మొదటిసారి.

"ఆవిడ నీళ్లలో పడిపోయేది కదా పెదనాన్నా. సంఘం అర్థం చేసుకుంటుందిలే."

"సంఘానికి అర్థమవుతుంది, గుడ్లకి అర్థమవుతుందా? తల్లి చాలాసేపు రాకపోతే పాడైపోతాయి. ఎక్కేముందు అందరికీ చెప్తాను, లేవొద్దని. పంతులమ్మకి మనం చెప్పేదేంటని ఇవాళ ఊరుకున్నా. తప్పు నాదే."

చెయ్యి రాలేదు, అయినా కొట్టేశాను.

ఆయన బైనాక్యులర్ పట్టుకుని ఒడ్డున కూర్చున్నాడు. కొంగలు ఒక్కొక్కటే దిగాయి. ఒక్క గూడు మాత్రం ఖాళీగానే ఉంది. మంచినీళ్లిస్తే తాగలేదు. ఆయన్ని అలా చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం దాటుతుండగా లేచి, మునివేళ్ల మీద ఇంటికెళ్లాడు. వెనకాలే నేనూ వెళ్లాను. పెద్దమ్మ అతిథులకు వంట చేస్తోంది. ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి పెదాలు కదిపాడు.

"వచ్చింది."

పెద్దమ్మ గరిటె పక్కన పెట్టి, ఆయన ముఖంలోకి చూసింది.

"వినపడలేదు. నేను అవతలి ఒడ్డున ఉన్నాననుకుని చెప్పండి."