తలకిందులుగా వేలాడిన ఇంగ్లండు ఊరు

నా చిన్నప్పుడు మేము దోహాలో, అల్ మన్సూరాలో రెండు గదుల ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. మా నాన్న ఒక కంపెనీలో ట్రేసరు. విమానంలోంచి తీసిన ఫోటోలు ముందు పెట్టుకుని, వాటిలోని రోడ్లనీ ఇళ్ళనీ గీతలుగా కాగితం మీదికి ఎత్తడం ఆయన పని. పనికిరాని ఫోటోలు ఇంటికి తెచ్చి, చాప మీద పరిచి నాకు చూపించేవారు. ఫోటోని ఎప్పుడూ నీడలు మన వైపు పడేలా తిప్పి పెట్టుకోవాలి, కిటుకంతా అదే అనేవారు. లేకపోతే కంటికి అంతా తారుమారవుతుంది. గట్టు గుంటలా, పొగ గొట్టం బావిలా కనిపిస్తుంది. తొమ్మిదేళ్ళ నాకు ఈ సంగతి తెలుసు. నాన్న మేనేజరుకి తెలియదు.

ఆ పెద్దమనిషి తెలుగువాడే. ఇంగ్లండులో ఏదో ఊళ్ళో రెండేళ్ళు చదువుకుని వచ్చి, ఆ రెండేళ్ళనే జీవితమంతా నమిలాడు. అల్ ముంతజాలో ఆయన ఇంటి హాల్లో ఆ ఊరి ఫోటో పెద్ద ఫ్రేములో ఉండేది. ఆయన పుట్టకముందెప్పుడో విమానంలోంచి నిట్టనిలువుగా తీసిన ఫోటో. ఫ్యాక్టరీలు, వాటి గొట్టాలు, ఊరిని చీల్చుకుంటూ రైలు పట్టాలు. శుక్రవారం భోజనానికి ఎవరిని పిలిచినా ఆ ఫోటో ముందు నిలబడి పాఠం విన్నాకే అన్నం. ఆయన భార్య వండే గుత్తివంకాయ కోసం జనం భరించేవాళ్ళనుకుంటాను.

ఒక శుక్రవారం మేమూ వెళ్ళాం. నాన్న కాంట్రాక్టు నెలాఖరుకి అయిపోతుంది. రెన్యువల్ కాగితం మేనేజరు టేబుల్ మీదే ఉంది. సంతకం పడకపోతే అందరం సామాను సర్దుకోవలసిందే. నోరు మూసుకుని కూర్చోమని అమ్మ దారిలో నాకు రెండుసార్లు చెప్పింది.

"చూశారా, ఊరి మధ్యలో ఎంత లోతుగా గుంట తవ్వి పట్టాలు వేశారో. పైన ఇళ్ళకి చప్పుడే రాదు. మనవాళ్ళకి ఇలాంటి బుర్ర ఉందా?" అన్నాడాయన. ఫ్యాక్టరీ గొట్టాలని చూపించి అవి బావులన్నాడు. నేను నీడల కోసం చూశాను. ఒక్కటీ మా వైపు పడలేదు.

"అది గుంట కాదంకుల్, గట్టు. ఫోటో తలకిందులుగా పెట్టారు," అన్నాను.

నాన్న నా భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి వణుకుతోంది. "చిన్నపిల్ల సార్, తెలీక అంది," అన్నారు. నాకు తనే నేర్పిన సంగతిని అలా మింగేశారు. మేనేజరు మీద కంటే నాన్న మీదే నాకు ఎక్కువ అసహ్యం వేసింది. ఇప్పుడిది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.

అందరూ భోజనాలకి లేచాక నాన్న, "అద్దం మీద దుమ్ము పట్టింది సార్, తుడిచి పెడతాను," అన్నారు. దోహాలో దుమ్ముకేం కరువు. ఫ్రేము దించి, జేబురుమాలుతో అద్దం తుడిచి, వెనక తీగ విప్పి అడుగు వైపున కట్టి, తిప్పి తగిలించారు. నేను తప్ప ఎవరూ చూడలేదు.

రెండు వారాలకి మళ్ళీ పిలుపు వచ్చింది. సంతకం ఇంకా పడలేదు. ఆ ఊళ్ళో ప్రతి వీధీ తనకి తెలుసని చెప్పుకునే పెద్దమనిషి, ఊరు ఊరంతా తిరగబడినా గుర్తుపట్టలేదు. కొత్తగా వచ్చినవాళ్ళ ముందు నిలబడి, "చూశారా, ఎంత ఎత్తు గట్టు కట్టి పట్టాలు వేశారో. వరదొచ్చినా రైలు ఆగదు. మనవాళ్ళకి ఇలాంటి బుర్ర ఉందా?" అన్నాడు. తర్వాత నా వైపు చూసి నవ్వాడు. "ఆ రోజు నువ్వు దీన్నే గుంట అన్నావు కదమ్మా?"

నేను నోరు తెరిచాను. భుజం మీద నాన్న చెయ్యి పడింది. మళ్ళీ వణుకుతోంది. పాపం భయపడుతున్నారని తలెత్తి చూశాను. నాన్న పెదాలు బిగబట్టి నవ్వు ఆపుకుంటున్నారు.

"అవును సార్, చిన్నపిల్ల," అన్నారు.

మర్నాడు ఆఫీసులో సంతకం పడింది.

నాకిప్పుడు అరవై దగ్గరపడుతున్నాయి. నేనూ అదే పనిలో ఉన్నాను, దోహాలోనే, ముషైరిబ్‌లో ఒక అద్దాల ఆఫీసులో, కంప్యూటర్ ముందు. పైనుంచి తీసిన ఫోటోలు తెరమీద వేసి పాఠాలు చెప్పే పెద్దమనుషులకి ఇక్కడా కొదవలేదు. ముందు నీడ ఎటు పడిందో చూసుకుంటాను. తర్వాత "అవును సార్" అంటాను. అప్పుడు భుజం మీద నాన్న చెయ్యి వణికినట్టే ఉంటుంది, నవ్వు ఆపుకోవడం కష్టమవుతుంది.